ఒకే దేశం, ఒకే వీసా: టెక్సస్ పోలీసు అడుగుతాడు, న్యూజెర్సీ పోలీసు అడగడు, ఎందుకని?

ప్రశ్న: అంబాజీపేట మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను మండల పరిషత్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి అంబాజీపేటలో ఉంటున్నాను. మా అమ్మాయీ అల్లుడూ డాలస్ శివార్లలో ఉంటారు, అబ్బాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాడు. అల్లుడిదీ అబ్బాయిదీ ఇద్దరిదీ హెచ్-1బి వీసాయే.

కిందటి నెలలో మా అల్లుడి కారు వెనక లైటు ఒకటి వెలగడం లేదని రోడ్డు మీద పోలీసు ఆపాడట. లైసెన్సు చూసి ఊరుకోక, ఏ వీసా మీద ఉన్నావు, కాగితాలు ఏవి అని అడిగాడట. ఫోనులో దాచుకున్న ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ పత్రం) చూపించిన తరువాత లైటు బాగు చేయించుకోమని చెప్పి పంపించేశాడు. జరిగింది అంతే. అయినా అమ్మాయి ఆ సంగతి చెబుతుంటే మా ఆవిడకు ఆ పూట అన్నం సహించలేదు. అదే వారంలో మా అబ్బాయి ఫోను చేసి, "మా దగ్గర లోకల్ పోలీసులు వీసా సంగతి అడగరు నాన్నా, ఐస్ (కేంద్ర వలస పోలీసు విభాగం) వాళ్ళకు పట్టివ్వరు కూడా, రాష్ట్రమే వద్దని చెప్పింది" అన్నాడు.

నా సందేహం ఇది. విదేశీయుల రాకపోకల చట్టం అక్కడ కూడా కేంద్రానిదే కదా. అలాంటప్పుడు ఒక రాష్ట్రం అడగడం, మరొక రాష్ట్రం అడగవద్దనడం ఎలా కుదురుతుంది? కేంద్ర చట్టానికి సహకరించబోమని రాష్ట్రం చెబితే అది ధిక్కారం కాదా? టీవీలో ఒకనాడు కేంద్రం నెగ్గిందంటారు, మరునాడు రాష్ట్రం నెగ్గిందంటారు. ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పి, కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని పిల్లల చేత వల్లె వేయించినవాడిని. ఈ తీరు మాత్రం నాకు అంతుబట్టడం లేదు. ఏ పార్టీ మంచిదన్న చర్చ వద్దు, చట్టం ఏమంటున్నదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: రాజమండ్రి వకీలు

మాస్టారికి నమస్కారం. మీరు జనాభా లెక్కల డ్యూటీ తప్పకుండా చేసి ఉంటారు. జనాభా లెక్కలు కేంద్ర జాబితాలోని అంశం, 1948 నాటి చట్టం పార్లమెంటు చేసినది, మీకు జీతం ఇచ్చినది మాత్రం రాష్ట్రం. అయినా ఆ ఫారాలు సంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగినది మీరే. "నేను రాష్ట్ర ఉద్యోగిని, ఢిల్లీ పని నేనెందుకు చేయాలి" అని మీరు అనడానికి వీలు లేదు. నిరాకరించిన ఉద్యోగికి శిక్ష కూడా ఆ చట్టంలోనే రాసి ఉంది. మన రాజ్యాంగంలోని 256వ అధికరణం పార్లమెంటు చట్టాలకు అనుగుణంగా రాష్ట్రాలు నడుచుకోవాలని, అవసరమైతే కేంద్రం ఆదేశాలు ఇవ్వవచ్చునని చెబుతున్నది.

అమెరికాలో కుదరనిది సరిగ్గా ఇదే. అక్కడి కేంద్రం తన చట్టాన్ని తన ఉద్యోగుల చేత అమలు చేయించుకోవాలి తప్ప, రాష్ట్ర ఉద్యోగికి డ్యూటీ వేయడానికి వీలు లేదు. ఈ సూత్రం వలసల గొడవలో పుట్టలేదు, తుపాకుల గొడవలో గట్టిపడింది. 1993లో కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చేసిన ఒక చట్టం, చేతి తుపాకి కొనేవాళ్ళ పూర్వాపరాలు స్థానిక పోలీసు అధికారులే విచారించాలన్నది. మోంటానాలో ఒక షెరీఫూ (కౌంటీ అంటే జిల్లా లాంటిది, దాని పోలీసు అధిపతి షెరీఫు) అరిజోనాలో ఒక షెరీఫూ అది తమ పని కాదని కోర్టుకెక్కారు. 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం రాష్ట్ర అధికారుల మెడలు వంచి పని చేయించుకోకూడదని 5-4 మెజారిటీతో తేల్చింది. తీర్పు రాసినవారు జస్టిస్ స్కేలియా. ఆనాడు తుపాకుల పక్షంవారు సంబరపడిన ఆ తీర్పునే నేడు వలసదారుల పక్షాన ఉన్న రాష్ట్రాలు ప్రతి కోర్టులోనూ పట్టుకుపోతున్నాయి. వాదించే పక్షాలు మారినా తీర్పు మారకపోవడం మా వృత్తిలో తరచూ చూసేదే.

దీని వేరు ఇంకా వెనక ఉంది. పారిపోయిన బానిసలను పట్టి యజమానికి అప్పగించాలని 1793లో కేంద్ర చట్టం వచ్చింది. 1842లో ప్రిగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెబుతూనే, దాన్ని అమలు చేసే భారం రాష్ట్ర అధికారుల మీద మోపలేమన్నది. ఆ ఒక్క మాటను ఆసరా చేసుకుని ఉత్తరాది రాష్ట్రాలు తమ జైళ్ళనూ అధికారులనూ ఆ పనికి వాడకూడదని చట్టాలు చేసుకున్నాయి.

ఇక రెండో వైపు. ఎవరు దేశంలోకి రావాలి, ఎవరు ఉండాలి, ఎవరిని పంపించివేయాలి అన్నది కేంద్రం చేతిలోని పని. అందులో రాష్ట్రం సొంత చట్టం చేయడానికి వీలు లేదు. 1870లలో కాలిఫోర్నియా రాష్ట్రం ఓడల్లో వచ్చే చైనా స్త్రీలను అడ్డగించి బాండు సొమ్ము అడుగుతుంటే సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఒక రాష్ట్రం చేసిన తప్పుకు దేశమంతా పరాయి దేశంతో తగవు పెట్టుకోవలసి వస్తుందన్నది అందులోని తర్కం. 2010లో అరిజోనా ఎస్‌బీ 1070 అనే చట్టం చేసినప్పుడు కూడా ఇదే తకరారు వచ్చింది. 2012 జూన్‌లో సుప్రీంకోర్టు అందులో వివాదంలో ఉన్న నాలుగు నిబంధనల్లో మూడింటిని కొట్టివేసింది: కాగితాలు దగ్గర లేకపోవడం రాష్ట్ర నేరమన్నది, అనుమతి లేకుండా పనికి పోవడం రాష్ట్ర నేరమన్నది, పంపించివేయదగిన నేరం చేశాడని తోస్తే వారంట్ లేకుండా అరెస్టు చేయవచ్చునన్నది. నాలుగోది మాత్రం ఆ దశలో నిలిచింది. వేరే కారణంతో ఆపిన మనిషి అక్రమంగా ఉంటున్నాడని సహేతుకమైన అనుమానం కలిగితే అతని వలస హోదా విచారించవచ్చునన్నది ఆ నిబంధన. అయితే ఆ విచారణ కోసమే మనిషిని అదనంగా నిలబెట్టి ఉంచితే రాజ్యాంగపరమైన చిక్కు వస్తుందని కోర్టు హెచ్చరించింది.

మీ అల్లుడి సంగతికి వస్తే, టెక్సస్ 2017లో ఒక చట్టం చేసి, చట్టబద్ధంగా ఆపిన మనిషిని హోదా అడగకుండా పోలీసులను ఏ నగరమూ కట్టడి చేయరాదన్నది. కొన్ని నగరాలు దావా వేశాయి గాని 2018లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు (సర్క్యూట్ అంటే కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే కేంద్ర అప్పీళ్ళ కోర్టు, సుప్రీంకోర్టుకు ఒక మెట్టు కింద) ఆ చట్టాన్ని చాలావరకు నిలిపింది. మన పంచాయతీలు, పురపాలక సంఘాలు రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారంతోనే నడిచినట్టు, అక్కడి నగరాలూ రాష్ట్రం సృష్టించినవే. కేంద్రం నుంచి రాష్ట్రానికి ఉన్న రక్షణ రాష్ట్రం నుంచి నగరానికి లేదు. కాబట్టి వెనక లైటు కోసం ఆపిన పోలీసు ఆ ప్రశ్న అడగడం అక్కడ చట్టవిరుద్ధం కాదు.

టీవీలో రోజుకొక మాట ఎందుకు వస్తుందో కూడా చెబుతాను. టెక్సస్ 2023 డిసెంబరులో మరొక చట్టం చేసి, సరిహద్దును అక్రమంగా దాటడాన్ని రాష్ట్ర నేరం చేసింది. అమలులోకి రాకముందే 2024 ఫిబ్రవరిలో జిల్లా కోర్టు ఆపింది. మార్చి 19న సుప్రీంకోర్టు దాన్ని అమలు కానిచ్చింది. అదే రాత్రి అప్పీళ్ళ కోర్టు మళ్ళీ ఆపింది. కొన్ని గంటలే బతికిన ఆ అమలును పట్టుకుని ఛానళ్ళు ఒకసారి గెలుపనీ ఒకసారి ఓటమనీ చెప్పాయి. అవి మధ్యంతర ఉత్తర్వులు మాత్రమే. మన దగ్గర భూమి తగాదాలో స్టే వచ్చినవాడు ఊరంతా కేసు గెలిచానని చెప్పుకు తిరిగినట్టే.

జవాబు 2: ఎడిసన్‌లో భీమవరం

వకీలు గారు సూత్రం చెప్పారు కాబట్టి నేను ఇక్కడి ఆచరణ చెబుతాను. మాస్టారి అబ్బాయి మాట నిజమే, కానీ సగమే నిజం. మిగతా సగం తెలియక ఇక్కడి మనవాళ్ళు కొంతమంది లేనిపోని ధీమాతో ఉన్నారు.

న్యూజెర్సీ అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) 2018 నవంబరులో ఒక ఆదేశం ఇచ్చారు. దాని ప్రకారం రాష్ట్ర, స్థానిక పోలీసులు కేవలం వలస హోదా కోసం ఎవరినీ ఆపకూడదు, దర్యాప్తు చేస్తున్న నేరంతో సంబంధం లేనప్పుడు హోదా అడగకూడదు. కొన్ని కౌంటీలు దీన్ని సవాలు చేస్తే 2021లో మూడో సర్క్యూట్ కోర్టు ఆదేశాన్నే నిలిపింది.

ఇంతవరకు అబ్బాయి చెప్పినదే. ఇక చెప్పనిది: ఈ ఆదేశం కట్టేసింది రాష్ట్ర పోలీసు చేతులను మాత్రమే. ఐస్ అధికారులు ఎడిసన్‌లో తిరగడానికీ అరెస్టు చేయడానికీ రాష్ట్ర రాజధాని ట్రెంటన్ అనుమతి అక్కరలేదు. పైగా ఎవరినైనా ఏ కేసులోనైనా అరెస్టు చేసి వేలిముద్రలు తీస్తే అవి ఎఫ్‌బీఐకి వెళ్తాయి, అక్కడి నుంచి ఐస్ ఉండే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు తమంతట తామే చేరతాయి. కాబట్టి "మా పోలీసులు చెప్పరు" అన్న ధైర్యం స్టేషనులో సిరా ప్యాడు దాకానే. సిరా ఇప్పుడు లేదనుకోండి, గాజు పలక మీద పెట్టమంటారు.

వేలిముద్ర సరిపోలాక ఐస్ జైలుకు డిటైనర్ అనే కాగితం పంపుతుంది. విడుదల కావలసిన మనిషిని మరో 48 గంటల వరకు ఉంచండి, మేము వచ్చి తీసుకుపోతాము అన్నది దాని సారాంశం. ఆ కాగితం మీద ఉండేది జడ్జి సంతకం కాదు, వలస అధికారి సంతకం. న్యూజెర్సీలోనే పుట్టిన అమెరికా పౌరుడినొకరిని పక్కనున్న పెన్సిల్వేనియాలో ఒక కౌంటీ జైలు ఇలాంటి కాగితం చూసి, బెయిలు కట్టిన తరువాత కూడా ఉంచేసింది. ఆ కేసులో 2014లో మూడో సర్క్యూట్, డిటైనర్ అభ్యర్థన మాత్రమేనని, దాన్ని మన్నించాలో వద్దో కౌంటీయే నిర్ణయించుకోవచ్చునని, మన్నించి తప్పు చేస్తే బాధ్యత కూడా కౌంటీదేనని తేల్చింది. చాలా కౌంటీలు డిటైనర్లకు వెనుకాడడం మొదలుపెట్టింది దయతో కన్నా నష్టపరిహారానికి భయపడి అని నా అభిప్రాయం.

టెక్సస్ దీనికి పూర్తిగా ఎదురుదారి. కేంద్ర వలస చట్టంలో 1996లో చేర్చిన 287(జి) అనే సెక్షను ఉంది. ఒప్పందం చేసుకున్న స్థానిక పోలీసులకు ఐస్ శిక్షణ ఇచ్చి కొన్ని వలస అధికారాలు అప్పగిస్తుంది. ఇష్టపడి చేసుకోవలసిన ఆ ఒప్పందాన్ని, జైలు నడిపే షెరీఫులందరూ చేసుకుతీరాలని టెక్సస్ 2025లో చట్టం చేసింది.

మాస్టారూ, మీ అల్లుడికి ఒక మాట. 18 ఏళ్ళు దాటిన విదేశీయులు తమ నమోదు పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది కేంద్ర చట్టం, అది రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. హెచ్-1బి వారికి ఐ-94 ఆ పత్రం కింద చెల్లుతుంది. ఫోనులో ఉన్నదాన్ని అచ్చు తీయించి పర్సులో పెట్టుకోమనండి. ఛార్జింగు అయిపోయిన ఫోనును ఎవరూ పత్రంగా ఒప్పుకోరు.

జవాబు 3: యానాం వంతెన

వకీలు గారి వివరణ బాగుంది గాని, మన దేశంలో రాష్ట్రం కాదనలేదన్నట్టు చెప్పడంతో నేను ఏకీభవించను. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని ఉపసంహరించుకున్నది, ప్రభుత్వం మారాక 2019 జూన్‌లో మళ్ళీ ఇచ్చింది. ఆ ఏడు నెలలు మనమూ న్యూజెర్సీయే కదా?

హద్దు దాటగానే చట్టం మారడం మా ఊరికి కొత్త కాదు. 1929లో బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలను నిషేధిస్తూ శారదా చట్టం వచ్చినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చిన్నపిల్లలను ఫ్రెంచి వారి యానాం తీసుకువచ్చి పెళ్ళిళ్ళు చేసుకుని పోయేవారు. మా ఊరికి కల్యాణపురమన్న పేరు అలా వచ్చిందే. ఇప్పటికీ ఎదుర్లంక వంతెన మధ్యలో అధికార పరిధి మారుతుంది. ఇటు పుదుచ్చేరి పోలీసు, అటు ఆంధ్ర పోలీసు.

నా ప్రశ్న మరొకటి. మెడలు వంచకూడదు సరే, నిధులు ఆపితే? కేంద్రం డబ్బు బిగబట్టినప్పుడు రాష్ట్రాలు ఎలా దారికి వస్తాయో మనకు వేరే చెప్పాలా?

జవాబు 4: రాజమండ్రి వకీలు

సీబీఐ పోలిక మంచి పోలికే. నేను దాన్ని మరిచిన మాట నిజం. కానీ అది తలకిందులుగా ఉన్న పోలిక. సీబీఐ రాష్ట్రంలో అడుగుపెట్టాలంటే 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీసు చట్టంలోని 6వ సెక్షను ప్రకారం రాష్ట్ర సమ్మతి కావాలి, హైకోర్టో సుప్రీంకోర్టో ఆదేశిస్తే తప్ప. ఐస్‌కు అలాంటి సమ్మతి అవసరమే లేదు. అంటే మన రాష్ట్రం కేంద్ర పోలీసును గుమ్మం బయట నిలబెట్టగలదు గాని కేంద్రం పని చేయనని తన ఉద్యోగిని ఇంట్లో కూర్చోబెట్టుకోలేదు. అక్కడి రాష్ట్రం తన ఉద్యోగిని కూర్చోబెట్టుకోగలదు గాని కేంద్ర పోలీసును ఆపలేదు.

కోర్టులు గీసే గీత కూడా ఇక్కడే ఉంది, సాయపడకపోవడానికీ అడ్డుపడడానికీ మధ్య. వలస పనిలో కేంద్రానికి సాయపడకుండా తన పోలీసులను కట్టడి చేస్తూ కాలిఫోర్నియా 2017లో చేసిన ఎస్‌బీ 54 చట్టం మీద కేంద్రం దావా వేస్తే, కేంద్రానికి పని కష్టమైనంత మాత్రాన అది అడ్డుపడడం కాదని 2019లో తొమ్మిదో సర్క్యూట్ అన్నది. 2020లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. అయితే అదే కాలంలో ఆ రాష్ట్రం, ప్రైవేటు యజమానులు ఐస్‌కు స్వచ్ఛందంగా సహకరించరాదని చేసిన నిబంధనను జిల్లా కోర్టు ఆపేసింది. న్యూజెర్సీ కూడా వలసదారులను నిర్బంధించే ప్రైవేటు కేంద్రాలను 2021లో నిషేధించి, 2025లో మూడో సర్క్యూట్‌లో ఓడిపోయింది. తన జైలు ఇవ్వను అనవచ్చు. ఊళ్ళో ఎవరూ ఇవ్వకూడదు అనడానికి వీలు లేదు.

నిధుల విషయంలో 1987 నాటి డోల్ కేసు ఆధారం. మద్యం కొనే వయసు 21కి పెంచని రాష్ట్రానికి రహదారుల నిధుల్లో 5 శాతం కోత పెట్టడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకున్నది, కానీ షరతు స్పష్టంగా ఉండాలని, నిధుల ఉద్దేశంతో దానికి సంబంధం ఉండాలని, ఒత్తిడి బలవంతం స్థాయికి పోకూడదని అన్నది. పోలీసు గ్రాంట్లకు వలస షరతులు పెట్టిన కేంద్ర అటార్నీ జనరల్ మీద షికాగో నగరం 2018లో ఏడో సర్క్యూట్‌లో నెగ్గింది. ఆ షరతు పెట్టే అధికారం కాంగ్రెస్ ఆయనకు ఇవ్వలేదన్నది కారణం. ఇల్లినాయ్ రాష్ట్రమూ షికాగో నగరమూ సహకరించడం లేదని కేంద్రం వేసిన దావాను కూడా 2025 జులైలో జిల్లా కోర్టు కొట్టివేసింది, మళ్ళీ ఆ ప్రింట్జ్ సూత్రానికి ఆధారమైన పదో రాజ్యాంగ సవరణ పేరుతోనే. డోల్ కేసు తప్ప ఇవన్నీ కింది కోర్టుల మాటలు. ఇలాంటి చట్టం మీద సుప్రీంకోర్టు సూటిగా తీర్పు చెప్పే రోజున ఈ లెక్క మారవచ్చు.

అంబాజీపేట మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. జనాభా లెక్కల ఉదాహరణతో నాకు ముడి విడిపోయింది. 2011 ఫిబ్రవరిలో నాకు లంక గ్రామం పడింది. పొద్దున్నే పడవ దాటి, ఫారాలు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుండెలకు హత్తుకుని వెళ్ళేవాడిని. వెళ్ళనని చెప్పే హక్కు ఒక దేశంలో ఉద్యోగికి ఉంటుందన్న ఊహే రాలేదు.

అబ్బాయికి జవాబు 2 చదివి వినిపించాను. వేలిముద్రల సంగతి తనకు తెలియదన్నాడు. అల్లుడు ఐ-94 రెండు ప్రతులు అచ్చు తీసి ఒకటి పర్సులో, ఒకటి కారులో పెట్టుకున్నాడు. వెనక లైటు కూడా మార్పించాడట, అది ముందే మార్పిస్తే ఈ గొడవే లేదని మా ఆవిడ అంటున్నది.