ఆడాసిటీలో పెట్టిన గుర్తులను ఆడిషన్‌లోకి చేర్చడం ఎలా?

ప్రశ్న – బ్రాడీపేట, గుంటూరు

మా తాతగారు పాడిన నాటక పద్యాల క్యాసెట్లు 19 మా ఇంట్లో ఉన్నాయి. అన్నీ 90 నిమిషాలవి, అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు. గత వేసవి నుంచి వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ, ప్రతి పద్యం ఎక్కడ మొదలవుతుందో, ఏ రాగంలో ఉందో, హార్మోనియం ఎక్కడ ఒంటరిగా వినిపిస్తుందో ఆడాసిటీ అనే శబ్ద సవరణ ప్రోగ్రాములో తెలుగులోనే లేబుళ్లు (గుర్తులు) పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పటికి 412 అయ్యాయి. శబ్దాన్ని శుభ్రం చేసే పనిని విజయవాడలోని ఒక స్టూడియోకు అప్పగించాను. అక్కడివారు అడోబీ ఆడిషన్ అనే మరో శబ్ద సవరణ ప్రోగ్రాము వాడతారు. నేను వేవ్ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసి పంపితే వాటిలో ఒక్క గుర్తు కూడా లేదని చెప్పారు. మళ్లీ మొదటి నుంచి విని 412 గుర్తులు పెట్టే ఓపిక నాకు లేదు, పైగా కొన్ని చోట్ల పద్యం పోల్చుకోవడానికి సాయం చేసిన పెద్దలు ఇప్పుడు లేరు. ఈ గుర్తులను పోగొట్టుకోకుండా వారికి అందించే దారి ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం – గవర్నర్‌పేట, విజయవాడ

మీ గుర్తులు ఎక్కడికీ పోలేదండీ, అవి మీ ప్రాజెక్టులో భద్రంగా ఉన్నాయి. ఆడాసిటీ లేబుళ్లు శబ్దంలో భాగం కావు, అవి వేరే ట్రాక్. వాటిని విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. అప్పుడు వచ్చే టెక్స్ట్ ఫైలులో ఒక్కో గుర్తుకు ఒక్కో పంక్తి ఉంటుంది: మొదలు, చివర, పేరు, వాటి మధ్య ట్యాబ్‌లు. కాలమంతా సెకన్లలో, దశాంశాలతో ఉంటుంది. ఒకే బిందువుకు పెట్టిన గుర్తయితే మొదలు, చివర సమానంగా ఉంటాయి.

ఆడిషన్ కూడా గుర్తులను టెక్స్ట్ నుంచి తీసుకుంటుంది, కానీ దాని అచ్చు వేరు. పేరు, మొదలు, నిడివి, కాలం రాసే పద్ధతి, గుర్తు రకం, వివరణ అని ఆరు నిలువు వరుసలు ఉండాలి, పైన ఆ శీర్షికల పంక్తి తప్పనిసరిగా ఉండాలి. ఫైలు పేరు చివర సీఎస్‌వీ అని ఉన్నా, లోపల వరుసలను విడదీసేది కామా కాదు, ట్యాబ్. చాలామంది పొరబడేది ఇక్కడే. అందుకే నేను ఎవరికైనా ముందుగా చెప్పేది ఒకటే: ఆడిషన్‌లో ఏదో ఒక ఫైలుకు రెండు గుర్తులు చేత్తో పెట్టి, మార్కర్స్ ప్యానెల్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయమని స్టూడియోవారిని అడగండి. ఆ ఫైలునే అచ్చుగా పెట్టుకుని మీ వివరాలు అందులో పోయండి.

లిబ్రెఆఫీస్ కాల్క్ అనే లెక్కల పట్టిక ప్రోగ్రాములో మీ ఫైలు తెరిచేటప్పుడు విభజన గుర్తుగా ట్యాబ్‌ను, లిపికి యూటీఎఫ్-8ను ఎంచుకోండి, లేకపోతే తెలుగు పేర్లు చెదిరిపోతాయి. చివర నుంచి మొదలును తీసివేస్తే నిడివి వస్తుంది. సెకన్లను 86400తో భాగిస్తే రోజులో భాగంగా మారుతుంది కనుక, ఆ గడిని నిమిషాలు, సెకన్లు, వెయ్యో వంతులుగా చూపమంటే ఆడిషన్ కోరే రూపం వచ్చేస్తుంది. మీ క్యాసెట్ ఒక్కో వైపు గంట దాటదు కనుక గంటల గడి గురించి చింత లేదు.

సమాధానం – అరండల్‌పేట, గుంటూరు

పై సమాధానం సరైనదే. గుర్తులను వేవ్ ఫైలులోనే పొందుపరచమని మీకు ఎవరైనా సలహా ఇస్తారేమో, అందుకని ఒక మాట చేరుస్తున్నాను. వేవ్ ఫైలులో గుర్తులకు ఒక చోటు ఉంది నిజమే, ఆడిషన్, రీపర్ వంటి ప్రోగ్రాములు దాన్ని చదువుతాయి కూడా. అయితే అక్కడ స్థానం సెకన్లలో ఉండదు, శాంపిళ్ల (శబ్దాన్ని సెకనుకు వేల సార్లు కొలిచిన కొలతల) లెక్కలో ఉంటుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో సరిగ్గా గంట దగ్గర పెట్టిన గుర్తును ఏదైనా ప్రోగ్రాము అదే శాంపిల్ సంఖ్యతో 48,000 రేటు ఫైలుకు తగిలిస్తే, అది 55 నిమిషాల 7.5 సెకన్ల దగ్గర కూర్చుంటుంది. పేర్లు మరో విభాగంలో ఉంటాయి, వాటి లిపి ఏమిటో అందులో స్పష్టంగా చెప్పే ఏర్పాటు లేదు కనుక తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదం ఎక్కువ. రాగం పేరు పోయిన గుర్తు మీకెందుకు? సెకన్లలో రాసిన టెక్స్ట్ ఫైలే మీకు మేలు.

స్టూడియోకు ఎంపీ3 మాత్రం పంపకండి. ఎంపీ3గా మార్చే ఎన్‌కోడర్ మొదట్లో కొంత నిశ్శబ్దాన్ని చేర్చడం వల్ల గుర్తులన్నీ సెకనులో కొద్ది వంతు జరుగుతాయి. మాటకు పెద్ద తేడా కాకపోవచ్చు, కానీ పద్యం ఎత్తుగడ దగ్గర కత్తిరించేటప్పుడు దానికి ముందున్న శబ్దం కొంత లోపలికి వచ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మొదటి క్యాసెట్ గుర్తులు తెలుగు పేర్లతో సహా ఆడిషన్‌లోకి వెళ్లాయి. అయితే అవి సరైన చోట లేవు. మొదటి పద్యం దగ్గర తేడా సెకను మాత్రమే, 22వ నిమిషం దగ్గర 26 సెకన్లు, 44వ నిమిషంలో ఉన్న గుర్తు దగ్గర దాదాపు 52 సెకన్లు. ప్రతిచోటా పద్యం ముందే మొదలైపోతోంది, గుర్తు ఆలస్యంగా వస్తోంది. మధ్యలో ఏదైనా భాగం తెగిపోయిందా?

సమాధానం – అరండల్‌పేట, గుంటూరు

తెగి ఉంటే, తెగిన చోటు నుంచి చివరి దాకా తేడా ఒకేలా ఉండేది. ఫైలు మొదట్లో నిశ్శబ్దం కత్తిరించినా అంతే. మీ తేడా కాలంతో పాటు సమంగా పెరుగుతోంది, అంటే గుర్తులు పెట్టిన తరువాత శబ్దం వేగం మారింది. శాంపిల్ రేటు పొరపాటయితే తేడా ఇంతకన్నా చాలా ఎక్కువ ఉండాలి. మీ అంకెలను బట్టి చూస్తే సుమారు రెండు శాతం. టేపు వేగం ఏమైనా సరిచేశారా?

ప్రశ్న అడిగినవారు

అవును, చేశాను. తాతగారి హార్మోనియం ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. క్యాసెట్‌లో శ్రుతి దానికన్నా కొంచెం తగ్గి వినిపిస్తోందని, స్టూడియోకు పంపే ముందు వేగాన్ని రెండు శాతం పెంచాను. గుర్తుల ఫైలు మాత్రం అంతకు ముందే తీసి పెట్టుకున్నది. మీరు చెప్పేదాకా ఈ రెండింటికీ సంబంధం తోచలేదు.

సమాధానం – గవర్నర్‌పేట, విజయవాడ

అయితే పని సులువే. మొదలు, చివర వరుసలు రెండింటినీ 1.02తో భాగించండి. 44 నిమిషాలంటే 2640 సెకన్లు, భాగిస్తే 2588.24. తేడా 51.76 సెకన్లు, మీరు చెప్పిన 52కు సరిపోయింది. నిడివిని ఆ తరువాతే లెక్కకట్టండి. ఒక్క జాగ్రత్త: మిగిలిన 18 క్యాసెట్లకూ ఇదే అంకె వాడకండి. ఒక్కొక్కటి ఒక్కో రికార్డర్ మీద, ఒక్కో ఊళ్లో ఎక్కించి ఉంటారు, ఒకే క్యాసెట్ రెండు వైపులూ వేర్వేరు రోజులవి కావచ్చు. ప్రతి వైపునూ హార్మోనియంతో విడిగా సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

భాగించాక మొదటి క్యాసెట్ ఒక వైపు అన్ని గుర్తులూ పద్యం ఎత్తుగడ మీదనే పడ్డాయి. రెండో వైపుకు 1.02 సరిపోలేదు, హార్మోనియం పక్కన పెట్టుకుని చూస్తే 1.013 వచ్చింది. ఇక మీదట ప్రతి గుర్తుల ఫైలు పేరులోనే క్యాసెట్ సంఖ్య, ఏ వైపు, ఏ అంకెతో భాగించానో రాసి, వేగం మార్చని మూల శబ్దాన్ని కూడా దాని పక్కనే ఉంచుతున్నాను. రెండో క్యాసెట్ రేపు మొదలుపెడతాను.