రీపర్: పుస్తకం చూసి సైడ్‌చెయిన్ పెట్టాను, బేస్ తగ్గట్లేదు

శ్రుతిబాక్స్:
రీపర్ (పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్) పుస్తకంలో సైడ్‌చెయిన్ (ఒక ట్రాక్ మోగినప్పుడు ఇంకో ట్రాక్ తగ్గేలా చేయడం) అధ్యాయం దగ్గర ఆగిపోయాను. కిక్ (పెద్ద డ్రమ్) ట్రాక్ నుంచి బేస్ ట్రాక్‌కి సెండ్ (శబ్దాన్ని పంపే దారి) లాగి, బేస్ మీద రియాకాంప్ (రీపర్‌తో వచ్చే కంప్రెసర్, పెద్ద శబ్దాన్ని అణిచేది) వేశాను. కిక్ పడినప్పుడు బేస్ తగ్గట్లేదు. పైగా బేస్ లేని చోట కూడా ఆ ట్రాక్ మీటర్ కిక్‌తో పాటు ఎగురుతోంది. టెంపో 100. పుస్తకంలో బొమ్మలు పాత వెర్షన్‌వి. తప్పు ఎక్కడుంది?

మంద్రస్థాయి:
మీటర్ ఎగురుతోందంటే కిక్ బేస్‌లో కలిసిపోతోందండీ. బేస్ ట్రాక్ రూట్ బటన్ నొక్కండి. కిక్ రిసీవ్ దగ్గర 1/2 => 1/2 అని ఉంటుంది, రెండోదాన్ని 3/4 చేయండి; ఇవి ఛానెల్ నంబర్లు, 3/4కి వెళ్తే కిక్ బేస్‌లో కలవదు. తర్వాత రియాకాంప్‌లో డిటెక్టర్ ఇన్‌పుట్‌ని (కంప్రెసర్ ఏ శబ్దాన్ని విని పనిచేయాలో చెప్పేది) ఆక్జిలరీ ఎల్+ఆర్‌కి, అంటే ఆ 3/4కి మార్చండి. చాలామంది మరిచిపోయేది ఇదే. మెయిన్‌లో వదిలేస్తే కంప్రెసర్ బేస్‌నే వింటూ ఉంటుంది.

సరిగ్గా కుదిరిందో లేదో చెవితోనే తేలుతుంది: ప్రివ్యూ ఫిల్టర్‌కి టిక్ పెడితే కిక్ ఒక్కటే వినపడాలి. విన్నాక టిక్ తీసేయండి.

రేషియో (ఎంత గట్టిగా అణచాలి) 4:1, అటాక్ (ఎంత త్వరగా అణచాలి) 3 మిల్లీసెకన్లు, రిలీజ్ (ఎంతసేపట్లో వదిలేయాలి) 150తో మొదలుపెట్టండి. 100 టెంపోలో ఒక బీట్ 600 మిల్లీసెకన్లు. రిలీజ్ అంతకు మించితే తర్వాతి కిక్ వచ్చేలోపు బేస్ కోలుకోదు, పాటంతా అణిగే ఉంటుంది. అలాగని 20కి దించకండి. 50 హెర్ట్జ్ స్వరానికి ఒక్క ఆవృత్తే 20 మిల్లీసెకన్లు; కంప్రెసర్ ఆ తరంగం వెంటే పరిగెత్తి బేస్ గరగరలాడుతుంది.

డప్పులూప్:
ఇంకోటి. సెండ్ మామూలుగా పోస్ట్ ఫేడర్‌లో, అంటే ట్రాక్ వాల్యూమ్ మీట (ఫేడర్) దాటాక ఉంటుంది. రేపు మిక్స్‌లో కిక్ ఫేడర్ దించితే బేస్ తగ్గడం కూడా పలచబడుతుంది. ప్రీ ఫేడర్, పోస్ట్ ఎఫ్ఎక్స్‌కి (ఎఫెక్ట్‌ల తర్వాత, ఫేడర్‌కి ముందు) మార్చుకోండి. కిక్ విడిగా లేక మొత్తం డ్రమ్ లూప్ పంపుతుంటే, డిటెక్టర్ లోపాస్ (కింది స్వరాలనే వినిపించే ఫిల్టర్) 150 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. లేకపోతే హైహ్యాట్‌కి కూడా బేస్ తగ్గుతుంది.

తీగమోత:
పుస్తకంలోని థ్రెషోల్డ్ (ఏ స్థాయి దాటితే అణచాలో చెప్పేది) అంకెను ఉన్నదున్నట్టు వాడొద్దు, అది వాళ్ల కిక్ లెవెల్‌కి సరిపోయింది. ప్రతి కిక్‌కి 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేదాకా మీటర్ చూస్తూ థ్రెషోల్డ్ దించండి. ఆటో మేకప్ (తగ్గిన శబ్దాన్ని తనంతట తానే మళ్లీ పెంచేది) ఆపేయండి, లేకపోతే శబ్దం పెరిగినదాన్నే బాగుందనుకుంటాం. మెనూ కనపడకపోతే ? కీ నొక్కి యాక్షన్ లిస్ట్‌లో పేరుతో వెతకండి. మెనూల చోటు మారినా పేర్లు చాలావరకు అవే.

శ్రుతిబాక్స్:
రెండూ తప్పే ఉన్నాయి: 1/2, మెయిన్. మార్చగానే పనిచేసింది. థ్రెషోల్డ్ -31 దగ్గర 5 డెసిబెల్స్ తగ్గుతోంది. పుస్తకంలో -18 ఉంది.