ఉక్కు కర్మాగారం అమ్మకానికి పార్లమెంటు ఓటు అక్కరలేదా?

కూర్మన్నపాలెం మాస్టారు:
నిన్న సాయంత్రం టీ దుకాణం దగ్గర మొదలైన వాదన ఇది. అక్కడ తెగలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటాను నూటికి నూరు శాతం వదులుకోవడానికి సరే అంది. ఒక బల్ల చుట్టూ పట్టేంత మంది తీసుకున్న నిర్ణయం. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన కర్మాగారం కదా ఇది. లోక్‌సభలో 543 మందిని కూర్చోబెట్టుకుని, వారిని ఒక్క మాట అడగకుండా అమ్మే అధికారం మంత్రివర్గానికి ఎక్కడిది? చట్టసభ పెద్దదా, మంత్రివర్గం పెద్దదా?

అక్షరం లెక్క:
అది ‘సూత్రప్రాయ ఆమోదం’. అమ్మకం కాదు. మాట సరిగా రాయండి.

కూర్మన్నపాలెం మాస్టారు:
పెళ్లి చూపులు అయ్యాయి గానీ పెళ్లి కాలేదంటారు. సరే.

బీచ్ రోడ్డు వకీలు:
మాస్టారూ, జవాబు మీకు నచ్చదు. ప్రభుత్వం చేసే ప్రతి పనికీ ముందుగా ఒక చట్టం ఉండాలని మన రాజ్యాంగం అనలేదు. 1955లో రామ్ జవాయా కపూర్ కేసులో ఈ సంగతి తేలిపోయింది. పంజాబు ప్రభుత్వం పాఠ్యపుస్తకాల ప్రచురణను తన చేతుల్లోకి తీసుకోవచ్చా అన్నది అక్కడి గొడవ. చట్టం అడ్డు లేనంత వరకు ప్రభుత్వం తన పని తాను చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో అమ్మకం మీద ఉద్యోగుల సంఘం కోర్టుకు వెళ్తే, అది విధాన నిర్ణయం, అందులో మేము జోక్యం చేసుకోము అని పంపేశారు.

అయితే మన ఊళ్లోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. మల్కాపురంలో రిఫైనరీ 1957లో మొదలైంది, అప్పట్లో కాల్టెక్స్ కంపెనీది. దాన్ని 1977లో పార్లమెంటు ఒక చట్టం చేసి ప్రభుత్వపరం చేసింది, తరువాత ప్రభుత్వ చమురు కంపెనీ హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. 2003లో హెచ్‌పీసీఎల్‌ను, అలాంటిదే అయిన బీపీసీఎల్‌ను అమ్మబోతే సుప్రీంకోర్టు ఆపింది: పార్లమెంటు చట్టంతో తీసుకున్నదాన్ని పార్లమెంటును అడగకుండా ప్రైవేటు చేతికి ఇవ్వడానికి వీల్లేదు, ముందు ఆ చట్టాన్ని మార్చుకుని రండి అని. ఉక్కు కర్మాగారం అలా రాలేదు. దాన్ని నడిపేది 1982లో కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీ. దాని వెనుక పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి అడ్డూ లేదు.

కూర్మన్నపాలెం మాస్టారు:
అంటే పరాయి కంపెనీ దగ్గర లాక్కున్న రిఫైనరీకి పార్లమెంటు కాపలా, మనం ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారానికి రిజిస్ట్రేషన్ కాగితం కాపలానా? ఇది చట్టమా, చోద్యమా?

బీచ్ రోడ్డు వకీలు:
ఆ కాపలా కూడా ఎంతకాలం ఉందో చూడండి. 2016లో కాలం చెల్లిన చట్టాల పేరుతో వందకు పైగా చట్టాలను కట్టగట్టి రద్దు చేశారు. తరువాత బీపీసీఎల్ అయిన బర్మా షెల్ కంపెనీని జాతీయం చేసిన 1976 నాటి చట్టం కూడా ఆ కట్టలో పోయింది. 2019లో బీపీసీఎల్ అమ్మకం మాట పైకి వచ్చేదాకా బయట ఎక్కువ మందికి ఆ సంగతి తెలియదు. పార్లమెంటు తన చేతిలోని తాళంచెవిని తానే పాత ఇనుములో పడేసింది.

ఉప్పుగాలి:
కోర్టుల గురించి నాకు చెప్పకండి. మా నాన్నగారి మూడెకరాలు ఒక ప్రాజెక్టు కింద పోయాయి. పరిహారం కేసు పదిహేడేళ్లు నడిచింది. తీర్పు వచ్చేసరికి ఆయన లేరు. ఎవరు పెద్ద అని అడిగితే, వాయిదా వేసేవాడే పెద్ద అంటాను.

అక్షరం లెక్క:
బాధాకరమే. కానీ భూసేకరణకూ వాటాల అమ్మకానికీ సంబంధం లేదు. పైన మాస్టారు ‘సరే అంది’ అని రాసింది ఇంకా దిద్దలేదు.

కంచరపాలెం కుర్రవాడు:
మన శాసనసభ 2021లో అమ్మకం వద్దని తీర్మానం చేసింది కదండీ. దాని విలువ ఏమిటి?

బీచ్ రోడ్డు వకీలు:
విజ్ఞప్తి పాటి విలువ. కేంద్ర ప్రభుత్వ సంస్థ మీద రాష్ట్ర సభకు పట్టు లేదు.

ఇంకో మాట. 2025 జనవరిలో అదే మంత్రివర్గ సంఘం అదే కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. పార్లమెంటును అడగకుండా ఎలా ఇస్తారని మాస్టారు అప్పుడు రాయలేదే? వద్దన్నదానికి సభ కావాలి, కావాలన్నదానికి మంత్రివర్గం చాలు. ఇది సిద్ధాంతం కాదండీ, అవసరం.

కూర్మన్నపాలెం మాస్టారు:
ముప్పై నాలుగేళ్లు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి. నాకు సిద్ధాంతం నేర్పే ముందు మీరు రాజ్యాంగం 114వ అధికరణం తిప్పండి. సంచిత నిధి, అంటే ప్రభుత్వ ఖజానా నుంచి రూపాయి బయటికి రావాలంటే పార్లమెంటు ద్రవ్య వినియోగ చట్టం చేయాలి. అంటే ఆ సాయంలో నిధి నుంచి వచ్చే ప్రతి రూపాయికీ సభ ముద్ర పడాల్సిందే. ఇవ్వడానికి సభ కావాలట, అమ్మడానికి అక్కరలేదట! మీరు అమ్మేవాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు మాట్లాడుతున్నారు.

బీచ్ రోడ్డు వకీలు:
సభ ముద్ర అంటే గిలటిన్ కదా, చర్చకు రాని పద్దులన్నీ ఒక్కసారే ఓటుకు పెట్టేయడం? 2018 మార్చిలో పద్దులన్నీ చర్చ లేకుండానే ఆమోదించారు. ఇక వకాల్తా మాటకొస్తే, నేను మీ కర్మాగారం కార్మికుల కేసులు ఫీజు లేకుండా వాదించాను. తెలియకుండా నోరు జారవద్దు.

నిర్వాహకులు:
వ్యక్తిగత నిందలు ఆపండి. లేకపోతే ఈ చర్చకు తాళం వేస్తాను.

బీచ్ రోడ్డు వకీలు:
ఒక్క ప్రశ్న, సూటిగా చెప్పండి. రేపు పార్లమెంటులో ఓటు పెట్టి మూడు వందల మంది అమ్మకానికి సరే అన్నారనుకుందాం. ఒప్పుకుంటారా?

కూర్మన్నపాలెం మాస్టారు:
ఒప్పుకోను.

అక్షరం లెక్క:
మరి ఈ చర్చ దేనికండీ పొద్దుటి నుంచి?

కూర్మన్నపాలెం మాస్టారు:
ఒప్పుకోను గానీ ఎవరెవరు సరే అన్నారో పేరు పేరునా నాకు తెలియాలి. ఓట్ల కోసం మా కాలనీకి వచ్చినవాడు అక్కడ అవునన్నాడా, కాదన్నాడా? మంత్రివర్గం గదిలో నిర్ణయం జరిగితే, మన ఎంపీ ఇక్కడికి వచ్చి ‘నన్ను అడగలేదు, నాకూ బాధగానే ఉంది’ అంటాడు. ఆ సాకు తీసేయాలి.

బీచ్ రోడ్డు వకీలు:
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. కానీ మాస్టారూ, 2014 ఫిబ్రవరి 18 మరిచిపోయారా? రాష్ట్ర విభజన బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఆ రోజు ఎవరు అవునన్నారో మీ దగ్గర జాబితా ఉందా? ఓటు యంత్రం మీద లెక్క రావాలంటే సభలో డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు కోరాలి, స్పీకరు దానికి ఒప్పుకోవాలి. లెక్క వచ్చినా, 1985 ఫిరాయింపుల చట్టం తరువాత విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని కాదని ఓటేసినవాడి పదవికే ముప్పు. మీ ఎంపీకి ఆ సాకు పోతే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది.

నా భయం వేరు. మంత్రివర్గం నిర్ణయం కాబట్టే రోడ్డెక్కితే వెనక్కి తగ్గింది, చివరికి సాయం కూడా ఇచ్చింది. అదే పార్లమెంటు ఓటేసి ఉంటే, ‘దేశమంతా ఒప్పుకుంది, మీదేమిటి గోల’ అనేవారు. కోర్టు గుమ్మం కూడా ఎక్కలేము. ఓటు కోరకండి అంటున్నది అందుకే.

కూర్మన్నపాలెం మాస్టారు:
అంటే నిర్ణయం గుట్టుగా జరగడమే మనకు మేలంటారా? ఇంటి యజమాని ఖాళీ చేయమని, మళ్లీ జాలిపడి ఉండనిస్తే అద్దె ఇంటివాడు దణ్ణం పెట్టినట్టుంది. నేను అలా బతకలేను.

బీచ్ రోడ్డు వకీలు:
నేను బతకగలను. ఇల్లు నిలిచింది కదా.

ఉప్పుగాలి:
మా ఇల్లు నిలవలేదు.

కంచరపాలెం కుర్రవాడు:
వకీలు గారూ, ఆ 2016 చట్టంలో రద్దయిన చట్టాల జాబితా దొరికింది. ఇంగ్లీషులో ఉంది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఒక్కొక్కటే చదువుతున్నాను, ఇంకా సగం కూడా కాలేదు.

అక్షరం లెక్క:
నాకూ పంపండి. కింది నుంచి నేను మొదలుపెడతాను.