అప్‌డేట్: మసాచుసెట్స్ పాత ఇళ్ల రికార్డులు

మసాచుసెట్స్‌లో 1600ల నాటి ఇళ్ల లోపలి అమరిక ఏ రికార్డుల్లో తెలుస్తుందని అడిగాను కదా. మీరు చెప్పినట్టే భూమి దస్తావేజులు పక్కన పెట్టి, చనిపోయినవారి ఆస్తి జాబితాలు తీశాను. దస్తావేజుల్లో ఎక్కువగా హద్దులే ఉన్నాయి. జాబితాలు మాత్రం చాలావరకు గది గదికీ తిరిగి రాసినవే: హాల్లో వంటపాత్రలు, పార్లర్‌లో (ఇంట్లో మేలైన గది) మంచి పరుపు, పైగదిలో ధాన్యం. పార్లర్‌లో పడుకునేవారని తెలిశాక ఆ కాలపు ఇంటికి నేను గీసిన ప్లాన్ మొత్తం మళ్లీ గీశాను. ఒకటి గుర్తుంచుకోండి, జాబితాలో లేనంత మాత్రాన ఆ గది ఇంట్లో లేదని కాదు. సామాను లేని గదిని రాయకుండా వదిలేసి ఉండొచ్చు.

తేదీలతోనే టెన్షన్ పడ్డాను. 1752కు ముందు అక్కడ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1680 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1681! సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.