మానిటర్ ఎత్తు లేపాక మెడ నొప్పి ఇంకా ఎక్కువైంది, ఎందుకు?

చీమకుర్తి నుంచి ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తా. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడు దాకా టాలీ, ఈ-వే బిల్లులే. సాయంత్రానికి కళ్ళు మంట, మెడ పట్టేస్తంది. వీడియోల్లో చూసి మానిటర్ కింద రెండు పాత బిల్లు ఫైళ్ళు పెట్టా. తగ్గకపోగా మెడ తిప్పలేకుండా ఉండా. స్క్రీన్ నీలం కాంతిని ఆపుతాయంటారే, ఆ బ్లూ కట్ అద్దాలు తీసుకోమంటారా?

ఒంగోలు నుంచి: ఫ్యాన్ గానీ కూలర్ గానీ మొహం మీదికే ఉందేమో చూడన్నా. స్క్రీన్ చూస్తుంటే రెప్ప వేయడం మామూలుకన్నా బాగా తగ్గిపోద్ది, పైన గాలి కొడితే కళ్ళు ఎండిపోతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడు. మీ యార్డులో పేర్చిన పలకలు చాలు.

నెల్లూరు నుంచి (కళ్ళజోళ్ళ షాపు): ముందు ఒకటి చెప్పన్నా, నీది బైఫోకలా?

చీమకుర్తి: అవునక్కా, రెండేళ్ళ నుంచి.

నెల్లూరు: అదే సంగతి. పై అద్దం దూరానికి, కింద ముక్క పేపరు చదవడానికి. స్క్రీన్ మూరెడుకి పైనే దూరంలో ఉంటది, రెంటికీ మధ్యలో. కింద ముక్కలోంచి చూద్దామని గడ్డం ఎత్తుతుంటావు. నువ్వు మానిటర్ లేపేకొద్దీ గడ్డం ఇంకా లేస్తది. పై అంచు కంటి ఎత్తుకు ఉండాలనే లెక్క మామూలు కళ్ళకి. ఆ ఫైళ్ళు తీసేసి, స్క్రీన్ దించి, కొంచెం వెనక్కి వాల్చు. అప్పటికీ ఇబ్బందైతే కంప్యూటర్‌కే వేరే జోడు చేయించుకో. కంటి నుంచి స్క్రీన్‌కి ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలిచి డాక్టరుకి చెప్పాలి, ఊరికే "కంప్యూటర్‌కి" అంటే కుదరదు. బ్లూ కట్ నేను అమ్మేదాన్నే, అయినా చెప్తుండా: 2023లో వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్ళు 17 ప్రయోగాలు పరిశీలిస్తే కళ్ళ అలసటకి దానివల్ల లాభం కనపడలేదు. నొప్పి చేతిలోకి దిగి వేళ్ళు తిమ్మిరెక్కితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించు.

ఒంగోలు: ఇంకోటన్నా. మానిటర్ ఆపేసి నీ సీట్లోనే కూర్చో. నల్ల తెరలో ఏం మెరుస్తందో అదే రోజంతా నీ కంట్లో కొట్టేది.

చీమకుర్తి (నాలుగు రోజులకి): ఆపి చూశా. నెత్తిన ట్యూబ్‌లైటు కాదు, కింద టేబులు! మాకు టేబుళ్ళకి కూడా గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలకే, పాలిష్ పట్టింది. లైటు అందులో పడి స్క్రీన్ మీదికి లేస్తంది. కీబోర్డు కింద బూడిద రంగు దుప్పటి ముక్క పరిచి, ఫైళ్ళు తీసేశా. మెడ సగం నయం, మంట ఇంకా కొంచెం ఉంది. "లక్షణమైన గెలాక్సీ మీద ఆ గుడ్డేందయ్యా" అని ఓనరు రోజూ అడుగుతుండాడు. కంటి నుంచి స్క్రీన్‌కి కొలత 62 సెంటీమీటర్లు వచ్చింది, ఆదివారం నెల్లూరు వస్తుండానక్కా.