బరంపురంలో వేసవి ప్రదర్శన చూశాక మొదటిసారి ఒక బొమ్మ కొందామనుకుంటున్నాను, ఏం చూసుకోవాలి?

బరంపురం కోడలు:
అందరికీ నమస్తే. మాది సోంపేట, పెళ్లయిన దగ్గర్నుంచి పదకొండేళ్లుగా బరంపురంలోనే ఉంటున్నాం. మా వీధికి దగ్గర్లో ఒక చిన్న గ్యాలరీ ఉంది, ఏటా ఎండాకాలం ప్రదర్శన పెడతారు, ఇన్నాళ్లూ పిల్లల్ని తీసుకెళ్లి ఓ గంట తిరిగి వచ్చేసేదాన్ని. ఈసారి మాత్రం నాలుగుసార్లు వెళ్లాను, ఇంటికొచ్చాక కూడా ఆ బొమ్మలే కళ్లలో ఉంటున్నాయి.

ముందు గదిలో ఖల్లికోట ఆర్ట్ కాలేజీలో చదివినవాళ్ల నీటిరంగులు, చెక్క అచ్చులు (చెక్కిన చెక్కతో కాగితం మీద తీసిన బొమ్మలు), లోపలి గదిలో పట్టచిత్రాలు (బట్ట మీద వేసే ఒడిశా బొమ్మలు), వెనక వరండాలో కాన్వాసు మీద వేసిన సవర గిరిజనుల బొమ్మలు పెట్టారు. నాకు మూడు నచ్చాయి. ఒకటి అణసర పట్టి. స్నాన పూర్ణిమ తర్వాత పూరీ జగన్నాథుడికి జ్వరమని పదిహేను రోజులు దర్శనం ఆపేస్తారు కదా, అప్పుడు విగ్రహాలకు బదులు పూజించే పట్టీల పద్ధతిలో వేసింది. రెండోది గోపాలపూర్ పడవల చెక్క అచ్చు, నలుపు తెలుపు, కింద పెన్సిల్‌తో 4/15 అని ఉంది. మూడోది సవర బొమ్మ, ఎర్రటి నేల మీద తెల్లటి మనుషులు, మధ్యలో ఏనుగు.

ట్యూషన్లు చెప్పి దాచుకున్న 12 వేలు ఉన్నాయి. చేత్తో వేసిందో ప్రింటు కొట్టిందో ఎలా కనిపెట్టాలి, బేరం ఆడొచ్చా, ఆ 4/15 ఏమిటి, మన ఊరి ఉప్పుగాలికి పాడవకుండా ఎలా ఉంచాలి? మా ఆయన ఆ డబ్బుతో ఉంగరం చేయించుకోమంటున్నారు. రేపు ఎక్కువకి అమ్ముకోవాలని నాకు లేదు, మోసపోకూడదని మాత్రం ఉంది.

పర్లాకిమిడి పాతకాపు:
అమ్మా, ముందు పట్టచిత్రం సంగతి చెబుతాను, ఎందుకంటే దాంట్లో నేను దెబ్బతిన్నాను. కొన్నేళ్ల క్రితం సముద్రం ఒడ్డున ఒక దుకాణంలో అసలైన పట్టచిత్రమని చెబితే రాసలీల బొమ్మ కొన్నాను. ఇంటికొచ్చి మనవడి భూతద్దం పెట్టి చూస్తే కృష్ణుడి ముఖమంతా చిన్న చిన్న రంగు చుక్కలు. బట్ట మీద ప్రింటు తీసి పైన మెరుపు పూసి ఇచ్చారు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు పట్టి ఎలా తయారవుతుందో తెలిస్తే చెయ్యి వేయగానే తెలిసిపోతుంది. రెండు పొరల నూలుబట్టని చింతగింజల జిగురుతో అతికిస్తారు, పైన సుద్దపొడి కలిపిన జిగురు పూస్తారు, ఆరాక గరుకు రాయితో ఒకసారి, నున్నటి రాయితో ఒకసారి రుద్దుతారు. (తెలంగాణలో బట్ట మీద కథల బొమ్మలు వేసే మన చేర్యాల నకాషీ వాళ్లు కూడా బట్టకి చింతగింజల జిగురే వాడతారు, ఎంత దూరపు చుట్టరికమో చూడండి.) అందువల్ల అది బట్టలా వేలాడదు, తోలులా బిరుసుగా ఉంటుంది. రంగులు కూడా పాత పద్ధతిలో అయితే తెలుపు శంఖం పొడి నుంచి, ఎరుపు ఇంగిలీకం రాయి నుంచి, పసుపు హరిదళం రాయి నుంచి, నలుపు దీపపు మసి నుంచి వస్తాయి, వెలగ జిగురు కలుపుతారు. ఈ రోజుల్లో డబ్బా రంగులు వాడేవాళ్లూ ఉన్నారు, అది తప్పు కాదు, కానీ ఏది వాడారో చెప్పి అమ్మాలి, ధర కూడా దాన్నిబట్టి ఉండాలి.

భూతద్దం తీసుకెళ్లి నల్ల గీతలు చూడండి. ఆ గీతలు చివర్లో సన్నటి కుంచెతో వేస్తారు, కాబట్టి ఒకచోట లావుగా మొదలై ఇంకోచోట వెంట్రుకలా సన్నబడతాయి. అంచు తీగలో ఒక ఆకు పక్క ఆకులా అచ్చంగా ఉండదు. ఆకులన్నీ ఒకే కొలతలో ఉండి, దగ్గర్నుంచి చుక్కలు కనబడితే వదిలేయండి.

ఇంకో మాట. కొనే ముందు కళ్లకి అలవాటు కావాలి. మీకు దగ్గరే, బుగుడ వెళ్లి బిరంచి నారాయణ గుడి గోడల మీద రామాయణం చూడండి. పూరీ వైపు వెళితే రఘురాజ్‌పూర్‌లో ఇంటింటికీ చిత్రకారులే, ఇంటి అరుగు మీద కూర్చుని వేస్తూ కనబడతారు. 12 వేలకి పెద్ద పట్టి రాకపోతే మా ఊరి వైపు గుండ్రటి గంజప పేకముక్కలు కూడా చూడండి. రంగుకి 12 ముక్కల చొప్పున ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలు ఉంటాయి. మా చిన్నప్పుడు వీధి అరుగుల మీద ముసలివాళ్లు ఆడేవారు, ఇప్పుడు ఆడేవాళ్లు తగ్గి కొనేవాళ్లే మిగిలారు.

చెక్కఅచ్చు:
అక్కా, నేను ఖల్లికోటలోనే చదివాను, అచ్చు బొమ్మలే నా పని. 4/15 అంటే ఆ చెక్క నుంచి మొత్తం పదిహేను కాపీలు మాత్రమే తీశారు, మీరు చూసింది నాలుగోది. నాలుగోది పద్నాలుగోదానికన్నా గొప్పదేం కాదు, దాని గురించి టెన్షన్ వద్దు. మనం ఒక్కో కాపీకీ చెక్క మీద సిరా ఎక్కించి, కాగితం పరిచి, ఒత్తి తీస్తాం, కాబట్టి ఇది ఫొటో ప్రింటు లాంటిది కాదు, ప్రతి కాపీ అసలు బొమ్మే. అంకె, సంతకం పెన్సిల్‌తో ఉన్నాయా, కాగితం వెనక సిరా ఒత్తిడి జాడ కనబడుతుందా చూడండి. కంప్యూటర్ ప్రింటుకి కూడా కొందరు ఇలాగే అంకెలు వేసి అమ్ముతున్నారు, అందుకే ‘ఏ పద్ధతిలో తీశారు’ అని నోరు తెరిచి అడగండి.

బేరం గురించి. గ్యాలరీలు అమ్మిన ధరలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంచుకోవడం మామూలే. మీరు కూరగాయల్లా బేరమాడితే ఆ కోత చివరికి వేసినవాడి మీద పడే ప్రమాదం ఉంది. దానికన్నా రెండు మూడు వాయిదాల్లో కడతానని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడ్వాన్సు ఇస్తే బొమ్మ పక్కన ఎర్ర చుక్క అంటిస్తారు, ప్రదర్శన ముగిశాక ఇంటికి తెచ్చుకోవచ్చు. రసీదులో వేసినవాళ్ల పేరు, సంవత్సరం, కొలతలు, పద్ధతి, అన్నీ రాయించుకోండి. రేపు మీ పిల్లలకి ఆ బొమ్మ గురించి చెప్పేది ఆ కాగితమే.

విలువ పెరుగుతుందా అంటే, కొత్తగా బయటికొచ్చిన వాళ్ల బొమ్మలు ఎక్కువ భాగం పెరగవు. ఈ మాట చెప్పడం నాకే కష్టంగా ఉంది, కానీ నిజం. రోజూ చూడాలనిపిస్తేనే కొనండి.

గుణుపురం మాస్టారు:
సవర బొమ్మ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా ఉద్యోగమంతా రాయగడ జిల్లాలోనే గడిచింది, పుట్టాసింగి వైపు సవర ఊళ్లలో ఆ బొమ్మల్ని ఇళ్ల గోడల మీద చూశాను. దాన్ని ఇడితాల్ అంటారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, పుల్ల చివర నలగ్గొట్టి కుంచెలా చేసుకుని వేస్తారు. అది అలంకారం కాదండీ. ఇంట్లో జబ్బు చేసినా, చనిపోయిన పెద్దలకి తృప్తి కలిగించాలన్నా, పంట బాగుండాలన్నా వేయిస్తారు. చుట్టూ గీసే చట్రం దేవతకో పెద్దలకో ఇచ్చే ఇల్లు. లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్టు, గుర్రం, ఏనుగు, మోసేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు.

చాలామంది దీన్ని మహారాష్ట్ర గిరిజనుల వర్లీ బొమ్మలతో కలిపేస్తారు, దుకాణాల్లో కూడా వర్లీ పద్ధతిలో వేసి సవర అని అమ్ముతున్నారు. వర్లీ మనిషి ఒంట్లో రెండు త్రికోణాలు కొసలు తగిలి స్పష్టంగా కనబడతాయి, ఆడ మగ తేడా తెలుస్తుంది. సవర మనుషుల ఒళ్లు అంత కోసుగా ఉండదు, ఆడ మగ తేడా చూపించరు. ముందు అంచు వేసుకుని అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ పోతారు. 2024లో లాంజియా సవర (సవరల్లో ఒక శాఖ) చిత్రకళకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, సంతోషమే. కానీ గుర్తింపు వచ్చింది కదాని ఎవరు వేశారో చెప్పకుండా ‘ట్రైబల్ ఆర్ట్’ అని చీటీ అంటిస్తే నాకు కడుపు మండుతుంది. ఖల్లికోట కుర్రాళ్ల బొమ్మల కింద పేరు ఉండి సవరవాళ్ల బొమ్మ కింద ఎందుకు ఉండదు? మీరు వెళ్లినప్పుడు ఆ చీటీ మీద పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి.

కాన్వాసు మీద అమ్మకానికి వేసింది కొనడంలో తప్పేం లేదు, అది వాళ్ల జీవనం. ఎవరి ఇంటి గోడ నుంచో పెళ్లగించి తెచ్చిందని ఎవరైనా చెబితే మాత్రం ఛస్తే కొనకండి.

బరంపురం కోడలు:
మాస్టారూ, మీరు రాసింది చదివి నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. నాలుగుసార్లు చూసి కూడా నేను గమనించలేదు, చీటీ మీద ‘సవర చిత్రం, కాన్వాసు’ అని మాత్రమే ఉంది. అడిగితే అక్కడున్న అమ్మాయి కాస్త ఇబ్బంది పడి, తెచ్చినాయనకి ఫోన్ చేసింది. పుట్టాసింగి వైపు ఊళ్లో ఒకావిడ వేశారట. పేరు కనుక్కుని నా ముందే చీటీ మార్చి రాశారు. ఏనుగు ఎందుకు అక్కడుందని అడిగించాను, ఆవిడ ఫోన్లో చెప్పింది ఆయన ఒడియాలో నాకు చెప్పారు, పైనుంచి వచ్చే పెద్దమనిషి వాహనమట.

పట్టి మీద భూతద్దం పెట్టాను బాబాయ్ గారూ, గీతలు మీరు చెప్పినట్టే ఉన్నాయి, చేత్తో వేసిందే. కానీ ధర నా చేతికి అందదు. పడవల అచ్చు పక్కన అప్పటికే ఎర్ర చుక్క ఉంది. ఏనుగు బొమ్మకి సగం డబ్బు కట్టేశాను, మిగతాది వచ్చే నెల. బేరం ఆడలేదు.

ఇప్పుడు ఫ్రేము సంగతి చెప్పండి, వర్షాలు మొదలయ్యే లోపు కట్టించాలి.

చెక్కఅచ్చు:
చాలా సంతోషం అక్కా. అద్దం బొమ్మకి తగలకూడదు, మధ్యలో కాస్త ఖాళీ ఉండేలా లోపల మందపాటి మౌంటు (బొమ్మ చుట్టూ అట్ట చట్రం) వేయించండి, లేకపోతే మన తేమకి అద్దానికి అంటుకుని బూజు పడుతుంది. వెనక మామూలు అట్ట కాకుండా ఆమ్లం లేని అట్ట అడగండి. బాత్రూమ్ గోడకి, ఎండ పడే గోడకి వద్దు. ఫ్రేము కింది రెండు మూలల వెనక చిన్న బిరడా ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. వానాకాలంలో నెలకోసారి దించి వెనక చూడండి, కాగితం తినే వెండిచేప పురుగు (సిల్వర్‌ఫిష్) ముందు అక్కడే చేరుతుంది.