సమస్య: ఎడమవైపు నుండెఁ గుడికరమ్ము

నిర్వాహకుడు (కావలి):
మా పాప ఇంటర్ బైపీసీ. రాత్రి ఎముకల బొమ్మ మీద పేర్లన్నీ సరిగ్గానే రాసి కుడి ఎడమలు మాత్రం మొత్తం తిప్పి పెట్టింది, తిట్టబోయి చూసుకుంటే నేనూ అలాగే రాసేవాణ్ణి. సమస్య దొరికింది కదా అని ఇస్తున్నా. ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఎడమ, గుడిక అని ప్రాసయతి వేశాను, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం కలిసే యతికి బదులు వాటి పక్క అక్షరాలు డ, డి కలిశాయి. ముందు ద్రుతం (న్) వస్తే 'నెడమ' చేసుకోండి.

కందుకూరు సభ్యుడు:
అద్దమందు తనను తాఁ జూచుకొని నేడు
జత్రుకాస్థి చూప జాణ చెల్లి
చేయి యెత్తినంత చిత్రమే కనిపించె
నెడమవైపు నుండెఁ గుడికరమ్ము

(జత్రుక అంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, కాలర్ బోన్.)

నెల్లూరు పెద్దాయన:
మొదటి పాదంలో యతి పోయింది నాయనా, అ-కి తా ఎలా కుదురుతుంది? 'ముద్దుగాఁ జూచుచు' అంటే అద్ద, ముద్దు అని ప్రాసయతి పడుతుంది. కానీ అసలు దోషం భావంలో ఉంది. అద్దం ముందు నిలబడి కుడి చెయ్యి ఎత్తి చూడు, అది నీ కుడివైపునే కనిపిస్తుంది, ఎడమకి రాదు. యతి దిద్దినా పద్యం నిలబడదు.

కందుకూరు సభ్యుడు:
ఇప్పుడే లేచి చూశా. నిజమేనండీ. సిగ్గుగా ఉంది.

ఉదయగిరి సభ్యురాలు:
పుస్తకమున మనిషి బొమ్మ నన్నే చూచు
నిలిచి యెదుర చేయి నేలఁ జూప
దాని కుడియె నాకు దాపలికైపోయె
నెడమవైపు నుండెఁ గుడికరమ్ము

నెల్లూరు పెద్దాయన:
ఇదీ పూరణ! బొమ్మ మనకి ఎదురుగా ఉంటుంది కాబట్టి దాని కుడి మన ఎడమ. ఒక్కటే కొరత, దాపలి అన్నాక మళ్లీ ఎడమ అంటే పునరుక్తి.

ఒంగోలు సభ్యుడు:
నర్సింగ్ పిల్లలకి ఇదే పాఠం చెబుతాను, అందుకని కాస్త ఎక్కువ మాట్లాడతా. కుడి అంటే ఎప్పుడూ రోగి కుడి, చూసేవాడిది కాదు. కాలేయం కుడివైపున ఉంది అన్నా, దాని కింద కుడి మూత్రపిండం ఎడమదానికన్నా కొంచెం దిగువగా ఉంటుంది అన్నా లెక్క అదే. మా సేద్యగాళ్లకి ఈ తికమకే లేదు, దాపటెద్దు (ఎడమది) వలపటెద్దు (కుడిది) అని అరక వెనకనుంచి చూసి చెబుతారు, ఎద్దు ఎడమే మనిషి ఎడమ. ఇక రెండో పాదం. చేతులు దించితే చాలదమ్మా, అరచేతులు ముందుకి తిరిగి ఉండాలి. అప్పుడే బొటనవేలు బయటివైపుకి వస్తుంది, ముంజేతిలో రత్ని (రేడియస్) బొటనవేలి పక్కన, అరత్ని (అల్నా) చిటికెనవేలి పక్కన వరసగా ఉంటాయి. అరచెయ్యి వెనక్కి తిప్పావా, రత్ని అరత్ని మీదుగా అడ్డం పడుతుంది, ఇక ఏది లోపల ఏది బయట అన్నదానికి అర్థమే లేదు.

ఉదయగిరి సభ్యురాలు:
ఇద్దరి మాటా విని సవరించాను.

పుస్తకమున మనిషి బొమ్మ నన్నే చూచు
కరతలములు ముందు కనబడంగ
దాని కుడిని నేను తారుమారుగఁ జూడ
నెడమవైపు నుండెఁ గుడికరమ్ము

నెల్లూరు పెద్దాయన:
దా, తా యతి బాగుంది. ఇక నేను వేలు పెట్టను.

నిర్వాహకుడు:
పాపకి చదివి వినిపించా. రెండో పాదానికి ఒక మార్కు రావొచ్చు నాన్నా, మిగతా మూడూ పరీక్షలో అడగరు అంది.